చెరిపెయ్యకుండా ఉంచిన మూడు వచనాలు

బైబిలులో రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయం తెరిస్తే, యూదా రాజు హిజ్కియా ఏలుబడిలో పద్నాలుగో ఏట అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చి, ప్రాకారాలున్న ఊళ్లన్నిటినీ పట్టుకున్నాడని ఉంటుంది. ఆ వెంటనే 14 నుంచి 16 వరకు మూడే మూడు వచనాల్లో ఒక అవమానకరమైన సంగతి చెప్పేస్తారు. హిజ్కియా తనదే తప్పని ఒప్పుకుని, అడిగినంత కప్పం కడతానన్నాడు. ఖజానా చాలక, ఆలయపు తలుపులకు తాను తొడిగించిన బంగారాన్నే ఒలిచి పంపాడు. కథ ఇక్కడితో అయిపోవాలి. కప్పం ముట్టింది కాబట్టి దండు మళ్లిపోవాలి. కానీ 17వ వచనంలో అదే అష్షూరు రాజు, కప్పం ఊసే ఎరగనట్టు, పెద్ద సేనతో తన అధికారులను యెరూషలేము మీదికి పంపుతాడు. అక్కడి నుంచి 19వ అధ్యాయం చివరిదాకా బెదిరింపులు, రాజు ప్రార్థన, ప్రవక్త యెషయా ఇచ్చిన ధైర్యం, ఒక్క రాత్రిలో 1,85,000 మంది శత్రు సైనికుల చావు వరసగా వస్తాయి. కట్టిన కప్పం మాట ఇక ఎవరూ ఎత్తరు. భక్తితో చదివేవారు ఆ మూడు వచనాలను గబగబా దాటిపోతారు. బైబిలు గ్రంథాలను అవి పుట్టిన కాలంలో పెట్టి చదివే ఉన్నత విద్యలో మాత్రం విద్యార్థిని సరిగ్గా అక్కడే ఆపుతారు. రెండు కథనాలు కలిసిన ఆ అతుకు దగ్గర ఆగడం నేర్చుకుంటే ఆ చదువులో సగం వచ్చినట్టేనని నా నమ్మకం. అతుకు కనబడితే గ్రంథం విలువ తగ్గిపోతుందని చాలామంది భయపడతారు. ఒక సాక్ష్యాన్ని నిలబెట్టడానికి ఇంకో సాక్ష్యాన్ని పారెయ్యడం ఇష్టంలేని మనుషులు ఆ గ్రంథం వెనుక ఉన్నారని నాకు ఆ అతుకే చెబుతోంది.

ఈ చదువు తెలుగువారికి మరీ దూరపుదేమీ కాదు. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ వంటి చోట్ల సెరంపూర్ సెనేట్ ఇచ్చే డిగ్రీల కోసం చదివేవారు హీబ్రూ, గ్రీకు వ్యాకరణాలతో కుస్తీ పడుతూనే ఉంటారు. పై చదువులకు వెళ్లి పాత నిబంధనను ప్రత్యేకంగా ఎంచుకున్నవారు ఒక్కో అధ్యాయం మీద నెలల తరబడి కూర్చుంటారు. అందులో మొదటి పని, మన చేతిలో ఉన్న పాఠం ఎంతవరకు పాతదో తేల్చుకోవడం. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట, అంతవరకు తెలిసిన హీబ్రూ ప్రతులకంటే దాదాపు వెయ్యేళ్లు పాతది. హిజ్కియా కథ అందులోనూ ఉంది. ఎందుకంటే ఈ కథ బైబిలులో మూడుచోట్ల వస్తుంది: రాజుల రెండవ గ్రంథంలో, యెషయా 36, 37 అధ్యాయాల్లో, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32వ అధ్యాయంలో. మూడింటినీ పక్కపక్కన పరచుకుని చదివితే అసలు సంగతి బయటపడుతుంది. రాజుల గ్రంథంలోనూ యెషయాలోనూ కథ చాలావరకు మాటకు మాట ఒకటే, కానీ యెషయాలో కప్పం గురించిన ఆ మూడు వచనాలు లేవు. దినవృత్తాంతాల్లోనూ కప్పం లేదు; దానికి బదులు హిజ్కియా ఊటలు పూడ్పించి, గోడలు కట్టించి, వీరుడిలా జనానికి ధైర్యం చెప్పిన వివరాలు ఉన్నాయి. అంటే ఈ కథ చెప్పిన పూర్వీకులకు కప్పం సంగతి లేకుండా చెప్పే వీలు ఉంది, ఇద్దరు అలాగే చెప్పారు కూడా. రాజుల గ్రంథం కూర్చినవారు మాత్రం ఆ పని చెయ్యలేదు.

ఇంతకీ కప్పం నిజంగా కట్టారా? దీనికి శత్రువు రాసుకున్న లెక్కే సాక్ష్యం. సన్హెరీబు తన దండయాత్రల వృత్తాంతాన్ని ఆరు ముఖాల మట్టి పట్టకాల మీద క్యూనిఫాం లిపిలో రాయించి కాల్పించాడు. వాటిలో ఒకటి 1830లో నీనెవెలో దొరికి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది; అలాంటివే చికాగోలో ఒకటి, యెరూషలేములో ఒకటి ఉన్నాయి. ఆయన మూడో దండయాత్ర క్రీ.పూ. 701 నాటిది. యూదాలో కోటలున్న 46 పట్టణాలను పట్టుకున్నానని, 2,00,150 మందిని బయటికి తోలుకొచ్చానని, హిజ్కియాను అతని రాజధానిలోనే పంజరంలో పక్షిలా బంధించానని అందులో చెప్పుకున్నాడు. చివరికి హిజ్కియా పంపిన కప్పం 30 తలాంతుల బంగారం, 800 తలాంతుల వెండి అని లెక్క చెప్పాడు. రాజుల గ్రంథం హీబ్రూ పాఠంలో బంగారం 30 తలాంతులే, వెండి మాత్రం 300. ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్న రెండు రాజ్యాల రాతలు ఒకే అంకె దగ్గర కలిశాయంటే ఆ అంకెను తేలిగ్గా తీసెయ్యలేం. తెలుగు బైబిలు పట్టుకుని పోల్చేవారికి ఇక్కడ చిన్న చిక్కు వస్తుంది. మన పాత అనువాదకులు ఒక తలాంతును రెండు మణుగులుగా లెక్కగట్టారు. సొలొమోనుకు ఏటా వచ్చిన 666 తలాంతుల బంగారం తెలుగులో 1,332 మణుగులైంది. హిజ్కియా కప్పం కూడా అలాగే రెట్టింపు అంకెల్లో కనిపిస్తుంది. మూలభాష నేర్చుకోవడానికి అన్నేళ్లు ఎందుకని అడిగేవారికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నా దగ్గర లేదు.

అయితే పట్టకాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు, దాన్నీ అదే కసితో చదవాలి. ఈ దండయాత్ర వృత్తాంతం తొలిసారి మట్టికెక్కింది క్రీ.పూ. 700లో, అంటే జరిగిన మరుసటి ఏడే. అంత దగ్గరి రాత కాబట్టి అదే నిజమని అనుకోవడం తొందరపాటు. ఇలాంటి పట్టకాలను భవనాల పునాదుల్లో, గోడల్లో పాతిపెట్టేవారు. దేవతలూ రాబోయే రాజులూ చదవాలని వాటి ఉద్దేశం. అలాంటి చోట ఓటమి ఎవరు రాస్తారు? క్రీ.పూ. 691 ప్రాంతంలో హలూలె దగ్గర జరిగిన యుద్ధంలో ఘనవిజయం సాధించానని సన్హెరీబు పట్టకం రక్తం ఏరులు పారించి మరీ చెబుతుంది. బాబిలోనువారి వృత్తాంత పలక మాత్రం అష్షూరు సేన వెనక్కి తగ్గిందని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. కాబట్టి పట్టకం ఏం చెప్పిందన్నది ఎంత ముఖ్యమో, ఏం చెప్పలేదన్నదీ అంతే ముఖ్యం. యెరూషలేమును పట్టుకున్నానని అది ఎక్కడా అనలేదు. అదే దండయాత్రలో అష్కెలోను రాజును కుటుంబంతో సహా చెరపట్టి తీసుకుపోయాడు, సీదోను రాజు సముద్రం మీద పారిపోతే అతని సింహాసనం మీద వేరొకరిని కూర్చోబెట్టాడు. తిరుగుబాటు చేసిన హిజ్కియా మాత్రం తన సింహాసనం మీద తానే మిగిలాడు. పంజరంలో పక్షి అన్న మాట వినడానికి గంభీరంగానే ఉంది, కానీ పంజరం తలుపు తెరిచి పక్షిని బయటికి తియ్యలేకపోయానన్న ఒప్పుకోలు కూడా అందులోనే ఉంది. ఇంకో తేడా చూడండి. పట్టకం ప్రకారం కప్పం అన్నిటికంటే చివర, నీనెవెకు వెళ్లింది. రాజుల గ్రంథం ప్రకారం అన్నిటికంటే ముందు, సన్హెరీబు దిగి ఉన్న లాకీషుకు కబురు వెళ్లింది. వరస మారితే కథ అర్థమే మారిపోతుంది. కప్పం చివరలో ఉంటే దండు మళ్లిపోవడానికి అదే కారణం. మొదట్లో ఉంటే అది పనికిరాని కప్పం, దండు మళ్లడానికి మరేదో కారణం ఉండాలి.

లాకీషు పేరు చెప్పుకున్నాం కాబట్టి అక్కడ కాసేపు నిలబడాలి. పట్టకం ఆ పేరు ఎత్తదు, 46 పట్టణాల్లో ఒకటిగా కలిపేసింది. కానీ సన్హెరీబు నీనెవెలో కట్టించుకున్న మహలులో ఒక గది గోడలన్నీ లాకీషు ముట్టడే. 19వ శతాబ్దం నడుమ హెన్రీ లేయర్డ్ ఆ మహలును తవ్వి తీసిన ఆ శిల్పఫలకాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ముట్టడి దిబ్బ మీదుగా ఎక్కుతున్న యంత్రాలు, గోడ మీదినుంచి కాగడాలు విసురుతున్న కాపలావాళ్లు, కొరత వేసిన మనుషులు, ఎడ్లబండ్ల మీద మూటలతో పిల్లలతో ఊరు విడిచిపోతున్న ఆడవాళ్లు, సింహాసనం మీద కూర్చుని అదంతా చూస్తున్న రాజు అందులో ఉన్నారు. లాకీషు దిబ్బను 1930లలో స్టార్కీ, 1970ల నుంచి డేవిడ్ ఉసిష్కిన్ తవ్వినప్పుడు ఆ బొమ్మలోని ముట్టడి దిబ్బే రాళ్లకుప్పగా బయటపడింది; బాణపు ములుకులు, వడిసెల రాళ్లు, కాలిపోయిన ఇళ్ల పొర కూడా దొరికాయి. రాజుల గ్రంథంలో యెషయా చెప్పిన మాటల్లో, అష్షూరు రాజు యెరూషలేము ఎదుట ముట్టడి దిబ్బ కట్టడని ఒక హామీ ఉంది. ఆ మాట బరువు లాకీషు దిబ్బను తెలిసినవాడికే పూర్తిగా అందుతుంది. 1815లో ఇంగ్లీషు కవి బైరన్ సన్హెరీబు సేన నాశనాన్ని పద్యంగా రాసినప్పుడు ఇవేవీ ఇంకా నేలలోంచి బయటికి రాలేదు. ఆయనకు ఉన్నది ఒకే సాక్షి, ఒకే రాత్రి.

ఇక రెండు అధ్యాయాల పెద్ద కథ దగ్గరికి వద్దాం. అందులోనూ పొరలున్నాయని 1886లో జర్మన్ పండితుడు బెర్న్‌హార్డ్ స్టాడే చూపించాడు. అష్షూరు రాజు బెదిరింపు రెండుసార్లు వస్తుంది, ఒకసారి దూతల నోట, ఇంకోసారి ఉత్తరంగా. హిజ్కియా రెండుసార్లు ఆలయానికి వెళతాడు. యెషయా రెండుసార్లు జవాబిస్తాడు. ఒకే సంఘటనను తలచుకున్న రెండు కథనాలు ఇక్కడ జడలా అల్లుకున్నాయని ఆయన వాదన. కొన్ని వివరాల్లో విభేదించినా పండితుల్లో చాలామంది నేటికీ ఆ చట్రంలోనే ఆలోచిస్తున్నారు. ఈ పొరలు రాసినవారు ఊరికే ఊహించి రాశారా అంటే అదీ కాదు. దూతలుగా వచ్చిన తర్తాను, రబ్సారీసు, రబ్షాకే అన్న పేర్లను మన తెలుగు బైబిలు మనుషుల పేర్లలాగే రాసింది. నిజానికి అవి అష్షూరు ఆస్థానపు పదవులు. రబ్షాకే అంటే రాజుకు పాత్ర అందించేవారి పెద్ద. ఆయన కోట గోడ కింద నిలబడి, రాచభాషలాంటి అరామిక్కును వదిలేసి, గోడ మీది జనానికి అర్థమయ్యే యూదా భాషలోనే కేకలు వేస్తాడు. పాత కలహు, అంటే నిమ్రూదులో 1952లో దొరికిన అష్షూరు ఉత్తరాల్లో ఒకటి, బాబిలోను కోటద్వారం ఎదుట అష్షూరు అధికారులు నిలబడి పౌరులతో సరిగ్గా ఇలాగే వాదించిన సంగతి చెబుతుంది. అదే కథలో కూషు రాజుగా తిర్హాకా కనిపిస్తాడు. కానీ ఆయన రాజైంది క్రీ.పూ. 690లో, దండయాత్రకు పదకొండేళ్ల తరువాత. కొందరు దీన్నిబట్టి సన్హెరీబు రెండోసారి కూడా వచ్చి ఉంటాడని ఊహించారు, అష్షూరు రాతల్లో అందుకు ఆధారం దొరకలేదు. తరువాతి కాలంవాడు తనకు బాగా తెలిసిన బిరుదుతో ముందు కాలపు మనిషిని పిలిచాడనుకుంటే చిక్కు విడిపోతుంది. పైగా కథ చివర్లో సన్హెరీబును కొడుకులే చంపిన ఉదంతం ఉంది, అది జరిగింది క్రీ.పూ. 681లో. చదువుతుంటే దండు మళ్లగానే చచ్చిపోయినట్టు అనిపిస్తుంది గాని, మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ముగింపు రాసినవాడు 681 తరువాతివాడే.

దీని మీద విశ్వాసుల అభ్యంతరం నేను తేలిగ్గా తీసుకోను. దేవుని మాటను మట్టిపలకలతో తూచడమేమిటి, దేవదూత చేసిన పనికి పురావస్తు శాఖ సాక్ష్యం కావాలా అని వారడుగుతారు. నిజమే, చరిత్ర పద్ధతికి ఒక హద్దు ఉంది. దండు యెరూషలేమును పట్టుకోకుండా వెళ్లిపోయిందని అది చెప్పగలదు, ఎందుకు వెళ్లిందో అన్నప్పుడు దాని గొంతు సన్నబడుతుంది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రెండు శతాబ్దాల పైచిలుకు తరువాత ఐగుప్తులో విన్న కథ ఒకటి ఉంది. ఐగుప్తు సరిహద్దులో సన్హెరీబు సేన మీద రాత్రికి రాత్రే ఎలుకలు పడి, అమ్ములపొదులూ వింటినారులూ కొరికేశాయట. ఎలుకలను చూసి తెగులు వచ్చిందని కొందరు ఊహించారు, అది ఊహే. దేవదూత వచ్చాడనీ రాలేదనీ తేల్చే పరికరం చరిత్రకారుడి దగ్గర లేదు, ఉందని చెప్పుకునేవాడు తన హద్దు దాటుతున్నాడు. కానీ విశ్వాసి కూడా ఒక మాట గమనించాలి. కప్పం సంగతి ఏ నాస్తికుడో బయటినుంచి తెచ్చి అంటించలేదు, అది పవిత్ర గ్రంథంలోనే ఉంది. దాన్ని చూసీ చూడనట్టు దాటెయ్యడం కంటే, రాజుల గ్రంథం కూర్చినవారు ఎందుకు ఉంచారని అడగడమే ఆ గ్రంథానికి ఎక్కువ మర్యాద అనిపిస్తుంది నాకు.

అటువైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది: ఇదంతా తరువాత అల్లిన ప్రచారం, చరిత్రకు ఎందుకూ పనికిరాదని. దీనికి సన్హెరీబు హంతకుడే జవాబు. బైబిలు ఆ కొడుకుల్లో ఒకడి పేరు అద్రమ్మెలెకు అంటుంది. బాబిలోను వృత్తాంతం కొడుకు చంపాడని చెప్పి పేరు చెప్పదు. 1980లో సిమో పార్పోలా అనే ఫిన్లాండు పండితుడు ఒక అష్షూరు ఉత్తరాన్ని కొత్తగా చదివి, కుట్ర చేసినది అర్ద ములిస్సు అనే రాజకుమారుడని చూపించాడు. ఆ పేరే నోళ్లు మారి హీబ్రూలో అద్రమ్మెలెకు అయింది. బాబిలోను రాతగాళ్లు చెప్పని పేరును యూదా రాతగాళ్లు కొద్ది తేడాతో నిలబెట్టుకున్నారు. ఆలస్యంగా రాసిన గ్రంథం పనికిరాదనే వాదన తెలుగు సాహిత్య చరిత్ర ముందు కూడా నిలవదు. రాయవాచకం శ్రీకృష్ణదేవరాయల కొలువు నుంచి అప్పటికప్పుడు వచ్చిన నివేదికలా మాట్లాడుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్, అది రాయల తరువాత చాలా దశాబ్దాలకు, 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టిందని వాదించారు. అంతమాత్రాన అది చెత్త కాలేదు. విజయనగరం పోయిన తరువాత దాన్ని ఎలా తలచుకున్నారో తెలిపే ఆధారమైంది. హిజ్కియా కథ పెద్ద పొరల సంగతీ అంతే. అవి 701ని గురించి చెబుతూ, ఆ తరువాతి తరాలు దేని మీద ఆశ పెట్టుకున్నాయో కూడా చెబుతున్నాయి.

మూడో అభ్యంతరం మన దేశంలోనే గట్టిగా వినిపిస్తుంది. శిల్పాలు లండన్‌లో, పద్ధతులు జర్మనీవి, ప్రశ్నలు ఎవరివో. మాలమాదిగ పేటల్లో ఈ గ్రంథాన్ని గుండెకు హత్తుకున్నవారికి దీనితో ఏం పని? ఈ ప్రశ్నలో చాలా న్యాయం ఉంది, పందొమ్మిదో శతాబ్దపు పండితులు తమకు నచ్చిన చరిత్రనే తవ్వుకున్న సందర్భాలు లేకపోలేదు. అయితే అదే పద్ధతి, సరిగ్గా పడితే, రాజధాని గొంతులను దాటి పల్లె గొంతు దగ్గరికి తీసుకుపోతుంది. అదే కాలంలో మీకా అనే ప్రవక్త ఉన్నాడు. ఆయనది మోరషెతు, లాకీషు ఉన్న పల్లపు ప్రాంతంలోని ఊరు. ఆయన గ్రంథం మొదటి అధ్యాయంలో ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా, ఆ పేర్లతోనే మాటలాడుకుంటూ, ఏడుస్తూ చెబుతాడు; అందులో లాకీషూ ఉంది. యెషయా కథల్లో నగరం బతికింది. మీకా ఊళ్లు బతకలేదు. తవ్వకాల్లో తేలింది కూడా ఇదే: ఆ పల్లపు ప్రాంతపు ఊళ్లలో చాలావరకు తరువాతి శతాబ్దంలో తిరిగి కోలుకోలేదు. కొండ మీది రాజధానిలో అద్భుతంగా గుర్తున్న ఏడాది, కింద ఎడ్లబండ్ల మీద వెళ్లిపోయినవారికి అన్నీ పోయిన ఏడాది. సీయోను, అంటే యెరూషలేము, పొలంలా దున్నబడుతుందని మీకా చెప్పగలిగాడంటే, ఆయన ఎక్కడ నిలబడి చూస్తున్నాడో అర్థమవుతుంది.

ఈ జ్ఞాపకాల్లో దేన్ని పట్టుకోవాలన్నది పండితుల కాలక్షేపం కాదని తరువాతి వందేళ్లు చూపించాయి. నగరం ఒకసారి అద్భుతంగా నిలిచిందన్న కథ క్రమంగా, ఆలయం ఉన్నంతకాలం నగరం పడదన్న ధీమాగా గట్టిపడింది. ప్రవక్త యిర్మీయా ఆ ధీమాను ఆలయ ద్వారం దగ్గరే నిలబడి ఖండించాడు. యిర్మీయా గ్రంథం 26వ అధ్యాయంలో అందుకు ఆయనకు మరణశిక్ష పడాలని యాజకులు పట్టుబట్టారు. అప్పుడు లేచి మాట్లాడినవారు దేశపు పెద్దలు. వారు దేవదూతను గుర్తుచెయ్యలేదు, కప్పాన్నీ గుర్తుచెయ్యలేదు. మీకా ఇలాంటి మాటే అన్నప్పుడు హిజ్కియా ఆయనను చంపలేదనీ, భయపడి దేవుణ్ని వేడుకున్నందుకే నగరం మిగిలిందనీ చెప్పారు. ఆ ఒక్క ఏడాదికి బైబిలు దాచిపెట్టిన మూడో కారణం ఇది: బంగారం, దేవదూత, పశ్చాత్తాపం. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నో మిగిల్చి మిగతావి తుడిచేసి ఉంటే, ఆ రోజు ఆ పెద్దల చేతిలో చూపించడానికి పూర్వోదాహరణ ఉండేది కాదు. ఊరియా అనే ఇంకో ప్రవక్తను యిర్మీయా కాలపు రాజు ఐగుప్తు నుంచి పట్టి తెప్పించి చంపించాడని ఆ అధ్యాయమే చెబుతుంది, యిర్మీయా మిగిలాడు.

కొద్ది ఏళ్లకే బాబిలోను సేన వచ్చింది. చివరికి ఇంకా లొంగని కోటలు లాకీషు, అజేకా రెండే మిగిలాయని యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయం అంటుంది. 1935లో స్టార్కీ లాకీషు ద్వారం పక్క గదిలో బూడిద కింద సిరాతో రాసిన కుండపెంకులు కనుగొన్నాడు. వాటిలో ఒక పెంకు మీద, బయటి కావలిలో ఉన్న ఒక ఉద్యోగి తన పై అధికారికి కబురు పంపాడు: లాకీషు నుంచి వచ్చే మంటల సంకేతాల కోసం కనిపెట్టుకుని ఉన్నాం, అజేకా నుంచి మాత్రం ఏదీ కనబడటం లేదు అని.